డ్రిల్లమ్మ నీడ

బడి గంట కొట్టకముందే డ్రిల్లమ్మ మైదానంలో ఉండేది. ఊరి చివర, రోడ్డు మలుపు తిరిగే చోట ఉన్న ఆ బడిలో ఆవిడ చాలా ఏళ్లుగా డ్రిల్లు టీచరు. అంత పొడుగు మాట నోరు తిరగక పిల్లలు డ్రిల్లమ్మ అన్నారు, ఆ తర్వాత పెద్దవాళ్లకీ అదే అలవాటైపోయింది. పొద్దున చల్లగా ఉన్నంతసేపూ పిల్లల చేత పరుగులు తీయించేది, తాడాట ఆడించేది, వరసలో కుదురుగా నిలబడనివాళ్ల చెవి దగ్గర ఈల ఊదేది. ఎండ ముదిరేసరికి ఈల కొంగున ముడేసుకుని మైదానం మధ్యకి వెళ్లి నిలబడేది.

అప్పుడు మొదలయ్యేది అసలు బడి. తరగతి గదుల మీద రేకులు. ఎండెక్కితే లోపల పెనం మీద కూర్చున్నట్టే ఉండేది. అందుకని ముందు చిన్న తరగతుల వాళ్లు, తర్వాత పెద్ద తరగతుల వాళ్లు, వాళ్ల వెనక నల్లబల్ల నెత్తిన పెట్టుకుని లెక్కల మాస్టారు, అందరూ వచ్చి డ్రిల్లమ్మ నీడలో చేరేవాళ్లు. ఆవిడ నీడ పొద్దున మనందరి నీడలాగే ఉండేది. ఎండ పెరిగేకొద్దీ ఒక పక్కకి పరుచుకుంటూ పోయి, మధ్యాహ్నానికి బడి మొత్తం పట్టేంత అయ్యేది. అందులో కూర్చుంటే ఏటి ఒడ్డున కూర్చున్నట్టు ఉండేది. చెమట ఆరిపోయేది, విసుగు తగ్గేది, ఎక్కాలు కూడా కాస్త తొందరగా వచ్చేవి.

పుట్టినప్పటినుంచీ అంతేనట. వాళ్లమ్మ ఉయ్యాల తెచ్చి పెరట్లో పెడితే వీధిలో కోళ్లన్నీ వచ్చి కింద చేరేవట. బడి టైంటేబుల్లో 'నాలుగో పీరియడు, సైన్సు, నీడలో' అని రాసి ఉండేది. కొత్తగా వచ్చిన మాస్టార్లు అది చదివి, సరేనని కుర్చీ పట్టుకుని బయటికి వచ్చేవాళ్లు.

నీడనేది మనిషికి ఒక పక్కనే కదా పడేది. అందరూ చల్లగా కూర్చుంటే డ్రిల్లమ్మ మాత్రం దాని అంచున, ఎండలో నిలబడేది. ముక్కు మీద తోలు ఊడి, మళ్లీ వచ్చి, మళ్లీ ఊడేది. గొడుగు వేసుకుంటే నీడ గొడుగంతే పడేది. కప్పు కిందికి వెళ్తే అసలు పడేదే కాదు. కాబట్టి నిలబడేది. వేసవి సెలవుల్లో పట్నం పిల్లలు నెల్లాళ్లు క్యాంపుకి వచ్చేవాళ్లు, అప్పుడూ నిలబడేది. క్యాంపు కాగితం మీద 'చల్లని వాతావరణం' అని పెద్దక్షరాలతో వేసేవాళ్లు. ఆ వాతావరణానికి దక్కేది మాత్రం ఒట్టి బడి జీతమే.

ఇంట్లో వదిన ఒక్కతే ఆ నీడని లెక్కచేసేది కాదు. "అమ్మాయ్, అవతలికి జరుగు, బట్టలారడం లేదు," అని కసిరేది. అన్నయ్య లారీ మీద ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ఒకళ్లనొకళ్లు దెప్పుకోకుండా పొద్దు గడిచేది కాదు, ఒకళ్లు తినకపోతే రెండోవాళ్లకి ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో బడికి ఒక మంచి కబురొచ్చింది. దూరపు సంస్థ ఒకటి డబ్బిస్తానంది. వాన నీళ్లు పట్టే ట్యాంకు, కప్పుల మీద సోలారు పలకలు, చెట్లు, వేడెక్కని గదులు, ఇలా బడినీ వేసవి క్యాంపునీ పది కాలాలపాటు నిలిచేలా బాగుచేసుకోవాలని షరతు. ప్లాను గీయడానికి పట్నం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసు, వీపున పెద్ద సంచి, చేతిలో కొలత టేపు. వచ్చిన రోజే గదులు, బావి, గోడలు, మరుగుదొడ్లు కొలిచి, మధ్యాహ్నం మైదానంలోకి వచ్చింది.

"టీచర్ గారూ, కాసేపు కదలకండి," అంటూ నీడ ఒక అంచున రాయి పెట్టి టేపు లాగింది.

"గంట కొట్టేదాకా కదలడానికి నాకు వీల్లేదులెండి."

"చలికాలంలో కూడా ఇంతే పడుతుందా?"

"కొంచెం తగ్గుతుంది. నాకు జలుబు చేస్తే పల్చబడుతుంది."

"ఎంత పల్చగా?"

"దోమతెరంత."

ఇంజనీరమ్మ రాసుకుంది. తర్వాత నీడలోనే కూర్చుని డబ్బా విప్పి అన్నం తింటూ, "మీరు చెప్పండి, బడికి అన్నిటికన్నా ముందు ఏం కావాలి?" అనడిగింది. డ్రిల్లమ్మని ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆవిడ తడుముకోకుండా చెప్పింది. గదుల ముందు ఈ చివర్నుంచి ఆ చివరికి వెడల్పాటి వసారా. పడమటి గోడ వెంట గుబురుగా పెరిగే చెట్లు. రేకుల కింద గడ్డి పొర. ఇంజనీరమ్మ తింటున్న చెయ్యి తుడుచుకుని అవన్నీ అప్పటికప్పుడే గీసింది. ఆ గీతల్లో వసారా చూసి డ్రిల్లమ్మ ఆ కాగితాన్ని ఒక పట్టాన వదల్లేదు.

కారణం లేకపోలేదు. పడుచు వయసులో ఆవిడ పరుగు పందేల్లో పేరు తెచ్చుకున్న మనిషి. సముద్రం పక్క నగరంలో పరుగు నేర్పే కోచ్‌లని తయారుచేసే ఏడాది చదువు ఒకటుంది. అందులో ఆవిడకి రెండుసార్లు సీటొచ్చింది. రెండుసార్లూ పెద్దసారు, అంటే హెడ్‌మాస్టరు, "ఈ వేసవి గడవనివ్వండి టీచర్ గారూ, పిల్లలు మాడిపోతారు," అంటే ఆగిపోయింది. ఇప్పుడు మూడోసారి వచ్చింది. వయసు హద్దు దగ్గరపడింది కాబట్టి ఇదే ఆఖరు. వసారా లేస్తే వెళ్లొచ్చనుకుంది.

ప్లాను చూపించే రోజు పెద్దసారి గదిలో అందరూ చేరారు. బడి కమిటీ ఛైర్మన్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆయనది రోడ్డు మీద ట్రాక్టర్ల షాపు. వేసవి క్యాంపు నడిపించేదీ ఆయనే. గోడకి ప్లాను అంటించారు. డ్రిల్లమ్మ వెనక నిలబడి వసారా కోసం వెతికింది. కనపడలేదు. పడమటి గోడ వెంట చెట్లూ లేవు. వాటి బదులు రోడ్డు వైపు పెద్ద సిమెంటు ఆర్చి, దాని పక్కన క్యాంపు పిల్లల తల్లిదండ్రులు దిగడానికి ఆరు కుటీరాలు. మైదానం మధ్యలో చుక్కల గీతతో ఒక పెద్ద గుండ్రం. అందులో 'నీడ, ఉన్నది' అని రాసి ఉంది.

"టీచర్ గారుండగా నీడకి ఖర్చెందుకని కమిటీ అభిప్రాయపడింది," అని పెద్దసారు మెల్లగా అన్నాడు. "మీ గొప్పతనమే అది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరమ్మ తన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చుంది.

"ఆ గుండ్రం అంచున చిన్న చదరం ఏంటి?" అని డ్రిల్లమ్మ అడిగింది.

"దిమ్మె," అన్నాడు ఛైర్మన్. "మీకోసమేనమ్మా. రోజూ మట్టిలో నిలబడుతున్నారు, బాగుండదు. చక్కగా గ్రానైటు పరిపిస్తాను. పట్టుకోవడానికి కమ్మీ కూడా పెట్టిస్తా."

"ఆ ఎర్ర గీత?"

ఇంజనీరమ్మ తలెత్తకుండానే చెప్పింది. "సోలారు పలకలండీ. మీ నీడ వాటి మీద పడితే కరెంటు రాదు. అందుకని ఎండ ఉన్నంతసేపూ మీరు ఆ గీత దాటి రాకూడదు."

"ప్లాను ఎన్నేళ్లకి?"

"ఇరవై ఏళ్లకి."

ఛైర్మన్ నవ్వాడు. "రిటైరైనా ఫరవాలేదమ్మా, కుర్చీ వేయిస్తాం."

గదంతా నవ్వింది. డ్రిల్లమ్మ నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా ఉండి, "నాకు కోచ్‌ల బడిలో సీటొచ్చింది. క్యాంపు అవగానే వెళ్తున్నాను," అంది.

పెద్దసారు నీళ్లు నమిలాడు. ఛైర్మన్ మాత్రం పిల్లలతో మాట్లాడినట్టు అన్నాడు. "అదంతా తర్వాత చూద్దాంలేమ్మా. ప్లాను పాసైపోయింది. రేపు ఆర్చికి గోతులు తవ్వుతున్నాం."

ఇంటికొచ్చి చెప్తే వదిన ముందు ముక్కున వేలేసుకుంది. "బతికున్న మనిషికి దిమ్మె కడతారటా? దండ ఎప్పుడేస్తారో కనుక్కున్నావా?"

"నవ్వకు వదినా. రేపట్నుంచి స్టాఫ్ రూములో కూర్చుంటాను. కప్పు కింద. ఎవరెట్లా పోతే నాకేం?"

వదిన చేతిలో చేట పక్కన పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చుంది. "కూర్చోలేవు. చిన్నపిల్ల ఒకత్తె ముక్కులోంచి రక్తం కారుతూ ఏడిస్తే లేచొస్తావు. ఆ సంగతి నీకు తెలుసు, వాళ్లకి నీకన్నా బాగా తెలుసు. దాన్ని చూసుకునే కదా ఆ ధైర్యం."

ఆ మాట నిజం కాబట్టి డ్రిల్లమ్మకి ఒళ్లు మండింది. తర్వాత నెమ్మదిగా అంది. "పిల్లలకి నీడ ఇవ్వనని నేనెందుకనాలి? ఇస్తాను. ఎక్కడ నిలబడి ఇవ్వాలో కూడా వాళ్లే గీస్తారా?"

వదిన ఆవిడ మొహంలోకి చూసి, "అదీ మాట," అని చేట మళ్లీ అందుకుంది.

మర్నాడు ఎండెక్కే వేళకి డ్రిల్లమ్మ మైదానం మధ్యకి వెళ్లలేదు. తిన్నగా నడిచి రోడ్డు వైపు, ఆర్చి కోసం సున్నంతో గీతలు వేసిన చోట నిలబడింది. నీడ ఆ గీతల మీద చల్లగా పరుచుకుంది. పిల్లలకి వేరే చెప్పేదేముంది. పుస్తకాలు, పలకలు, నీళ్ల సీసాలు పట్టుకుని అటే వచ్చేశారు. లెక్కల మాస్టారు కాసేపు తటపటాయించి నల్లబల్ల తెచ్చి ఇటికల గుట్టకి ఆనించాడు. గోతులు తవ్వడానికి వచ్చిన కూలీలు పారలు నేల మీద పెట్టి, ఎలాగూ తవ్వే చోటు లేదు కదా అని ఒక పక్కన చేరగిలబడ్డారు. మూడో పీరియడు అయ్యేసరికి వాళ్లలో సగం మంది నిద్రపోయారు. మేలుకున్నవాళ్లకి భిన్నాలు అర్థమయ్యాయి.

పెద్దసారు వచ్చి తల గోక్కున్నాడు. "టీచర్ గారూ, ఇదేంటండీ?"

"నీడండీ. ఉన్నదే కదా."

"కాస్త లోపలికి..."

"అక్కడ నిలబడి నిలబడి విసుగేసింది సార్. ఇక్కడైతే వచ్చే పోయే బస్సులు కనిపిస్తాయి."

నాలుగు రోజులు అలాగే సాగింది. ఐదో రోజు ఛైర్మన్ తెలివిగా, ఎండ రాకముందే గోతులు తవ్వించేశాడు. డ్రిల్లమ్మ వచ్చి ఆ గోతుల్ని చూసింది. గోతుల పక్కన పిల్లల్ని కూర్చోబెట్టడం క్షేమం కాదనుకుంది. ఈల తీసి ఊది, వరసలో నిలబెట్టి, బడి మొత్తాన్ని రోడ్డు వెంట నడిపించుకుంటూ పోయి ట్రాక్టర్ల షాపు ముందు ఆగింది.

షాపు ముందు విశాలమైన జాగా. కొత్త ట్రాక్టర్లు వరసగా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. డ్రిల్లమ్మ గేటు పక్కన నిలబడింది. నీడ ట్రాక్టర్ల మీదుగా, గల్లా అద్దాల దాకా పాకింది. పిల్లలు ట్రాక్టర్ల మధ్య, చక్రాలకి వీపులానించి కూర్చున్నారు. సైన్సు టీచరమ్మ ఇంజను ఎలా తిరుగుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ఎదురుగా వస్తువు ఉండటంతో ఆ రోజు పాఠం ఆవిడకే బాగా నచ్చింది. ట్రాక్టరు కొనడానికి వచ్చిన పొరుగూరి పెద్దాయన లోపలికి దారి లేక, నీడలో కూర్చుని, కూర్చున్న చోటే కునుకు తీశాడు. లేచాక కొనే సంగతి రేపు చూద్దామని ఇంటికి వెళ్లిపోయాడు.

మూడో రోజుకి షాపు ముందు తల్లులు కూడా చేరారు. పిల్లలు రోడ్డు మీద నడుస్తున్నారని కొందరికి కోపం, ఏం జరుగుతోందో చూద్దామని కొందరికి ఆరాటం. వాళ్లలో ఒకావిడ, కుట్టుమిషను పెట్టుకుని బతికే మనిషి, ముందుకొచ్చి నిలదీసింది.

"నువ్వు నీ చదువుకని వెళ్లిపోతావట. మా పిల్లలు ఎండలో మాడాల్సిందేనా?"

"మాడకూడదు," అంది డ్రిల్లమ్మ. "నాకు జ్వరమొచ్చినా మాడకూడదు, నేను చచ్చిపోయినా మాడకూడదు. వసారాకి డబ్బొచ్చింది. ఆ డబ్బుతో ఆర్చి కడుతున్నారు. ఎందుకని నన్నడుగుతావేం? అదిగో, అద్దం వెనకాలున్నారు, ఆయన్నడుగు."

ఆవిడ అద్దం వైపు తిరిగింది. ఆవిడతోపాటు అందరూ తిరిగారు. ఛైర్మన్ ఇక బయటికి రాక తప్పలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. వచ్చి నీడలో నిలబడబోయి, తనకే బాగుండదనిపించి, ఒక అడుగు వెనక్కి వేసి ఎండలోనే నిలబడ్డాడు.

"చూడమ్మా, నేను మర్యాదస్తుణ్ణి. బడి టీచరు బడిలో ఉండాలి. లేకపోతే ఉద్యోగం పోతుంది."

"తీసెయ్యండి."

"ఏంటి?"

"ఉద్యోగం తీసెయ్యండి. నేను పోతే నీడ కూడా నాతోనే వస్తుంది. దాన్ని మాత్రం ఇక్కడుంచి పొమ్మనలేరు కదా. మీ ప్లానులో ఆ గుండ్రం దగ్గర ఏం రాసుకుంటారో అదీ ఆలోచించుకోండి."

ఛైర్మన్ చుట్టూ చూశాడు. గుంపులో ఇంజనీరమ్మ కనపడింది. ఆర్చి పని చూడ్డానికి వచ్చిందప్పుడే. "నువ్వు చెప్పమ్మా," అన్నాడు. "ప్లాను గీసిందానివి నువ్వు. శాస్త్రప్రకారమే కదా గీశావు?"

ఇంజనీరమ్మకి అది మొదటి ఉద్యోగం. కమిటీ సంతకం పెట్టకపోతే ఆమెకి డబ్బు రాదు, ఇంకో పని దొరకడమూ కష్టమే. అందరూ తన వైపే చూస్తుంటే మొహం ఎర్రబడింది. సంచిలోంచి చుట్టిన ప్లాను తీసి విప్పింది. పిల్లలు రెండు చివర్లూ పట్టుకున్నారు.

"ముందు నేను గీసింది వేరు," అంది. "మార్చమన్నారు, మార్చాను. మార్చకుండా ఉండాల్సింది. పది కాలాలు నిలిచేలా కట్టమని డబ్బిచ్చినవాళ్లు రాశారు. మనిషి పది కాలాలు నిలబడదండీ. మనిషికి కాళ్లు నొప్పెడతాయి." అని పెన్సిలు వెనక రబ్బరుతో ఆ గుండ్రాన్ని చెరపడం మొదలుపెట్టింది. చాలా పెద్ద గుండ్రం కావడంతో అది చెరగడానికి కాస్త సమయం పట్టింది. దిమ్మెని కూడా చెరిపేసి, చేత్తో రబ్బరు పొడి దులిపేసింది.

ఛైర్మన్ ఎండలో ఉన్నాడు. కుట్టుమిషను ఆవిడ ఆయనకి ఎదురుగా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆయన రుమాలుతో మొహం తుడుచుకుని, "ఆర్చి కొంచెం చిన్నది కట్టుకుందాంలే," అన్నాడు. ఇంకోసారి తుడుచుకుని, "ముందు వసారా కానివ్వండి," అన్నాడు.

అంత తేలిగ్గా కాలేదు. ఆర్చి గోతుల్లో పోసిన సిమెంటు పోనే పోయింది. కుటీరాలు ఆరు కాస్తా రెండయ్యాయి, ఆ రెండింటి కోసం మళ్లీ పోట్లాట అయింది. పెద్దసారు రెండుసార్లు డ్రిల్లమ్మ దగ్గరికొచ్చి, "వసారా అవుతోంది కదా, చెట్లు పెరిగేదాకానైనా ఉండండి," అని బతిమాలాడు. మంచివాడు కావడంతో ఆయనకి కాదని చెప్పడం ఛైర్మన్‌కి చెప్పడం కన్నా కష్టమైంది. "చెట్లు పెరిగేసరికి నేను ముసలిదాన్నవుతాను సార్," అంది. "మొక్కలకి నీళ్లు పోయించండి చాలు."

క్యాంపు మొదలయ్యే నాటికి వసారా మూడొంతులు లేచింది. చివరి గది ముందు ఇంకా కప్పు పడలేదు. పట్నం నుంచి పిల్లలు పెట్టెలతో, టోపీలతో దిగారు. ఊరి పిల్లలూ వాళ్లూ కలిసి పడమటి గోడ వెంట గోతులు తీసి మొక్కలు నాటారు. ఎవరి మొక్క ముందు చిగురేస్తుందో అని పందేలు వేసుకున్నారు. సోలారు పలకలు గదుల మీద కూర్చున్నాయి. డ్రిల్లమ్మ పనిగట్టుకుని ఒకసారి ఆ ఎర్ర గీత ఉండాల్సిన చోటు దాటి అవతలికి నడిచింది. ఆఫీసులో ఫ్యాను ఆగింది. పెద్దసారు కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, పుస్తకంతో విసురుకున్నాడు. ఆవిడ తనకి తృప్తి కలిగేదాకా నిలబడి వెనక్కి వచ్చింది.

వసారా నేల ఆరిన రోజు మధ్యాహ్నం, అలవాటు కొద్దీ ఆవిడ మైదానం మధ్యకి వెళ్లి నిలబడింది. నీడ పరుచుకుంది. ఎవరూ రాలేదు. వసారాలో పిల్లలు బారుగా కూర్చుని బొమ్మలు వేస్తున్నారు, గాలి ఒక చివర్నుంచి రెండో చివరికి తిన్నగా వీస్తోంది. ఒక కుక్క మాత్రం వచ్చి నీడలో పడుకుని, కాసేపటికి అదీ లేచి వసారా వైపు వెళ్లింది. దీనికోసమే కదా ఇన్నాళ్లు పోట్లాడాను అనుకుంది డ్రిల్లమ్మ. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండకే అనుకుని తుడుచుకుంది.

తర్వాత తనూ వసారా కిందికి నడిచింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే వెనకున్న నీడ మొత్తం ముడుచుకుని మాయమైంది. పిల్లలు జరిగి చోటిచ్చారు. కూర్చుని గోడకి వీపు ఆనించింది. మధ్యాహ్నం వేళ ఒంటికి చల్లగాలి తగలడం ఆవిడకి కొత్త. మెడ మీద చెమట ఆరుతుంటే, ఇన్నేళ్లూ వీళ్లందరికీ ఇలా ఉండేదన్నమాట అనుకుంది. అలా అనుకుంటూనే నిద్రలోకి జారింది. పిల్లలు గోల చేయకుండా బొమ్మలు వేసుకున్నారు.

వెళ్లే రోజు వదిన బస్సు దాకా వచ్చింది. దారంతా, అక్కడ సరిగ్గా తిను, ఎవరు పడితే వాళ్లు నిలబడమంటే నిలబడకు అని చెప్తూనే ఉంది. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, "బట్టలు తొందరగా ఆరతాయిలే ఇక," అని మొహం పక్కకి తిప్పుకుంది.

కోచ్‌ల బడి మైదానం చాలా పెద్దది. చుట్టూ ఎర్రమట్టి బాట, అవతల సముద్రం. వచ్చినవాళ్లలో డ్రిల్లమ్మే పెద్దది. మిగతావాళ్లంతా ఇరవైల్లో ఉన్న పిల్లలు, చెవుల్లో పాటలు పెట్టుకుని తిరిగేవాళ్లు. వాళ్లకి నేర్పే పెద్ద కోచ్ బొజ్జ పెరిగిన మనిషి. ఒకప్పుడు పేరు మోసిన పరుగుగాడు, ఇప్పుడు మడత కుర్చీ వదిలేవాడు కాదు. మొదటిరోజు పాఠం నిలబడే విన్నారు. ఎండ పెరిగింది. డ్రిల్లమ్మ నీడ మామూలుగానే పక్కకి పరుచుకోవడం మొదలుపెట్టింది.

ముందు ఇద్దరు పిల్లలు జరిగి వచ్చారు. తర్వాత ఐదుగురు. కాసేపటికి బ్యాచి మొత్తం ఆవిడ పక్కన నేల మీద చతికిలబడింది. ఆఖరికి పెద్ద కోచ్ కూడా కుర్చీ తెచ్చుకుని నీడ మధ్యలో వేసుకుని, "హమ్మయ్య," అంటూ కూర్చున్నాడు. "మీరు రోజూ ఇక్కడే నిలబడండమ్మా. మనకి పాఠం బాగా సాగుతుంది."

డ్రిల్లమ్మ ఆయన వంక చూసింది. తోలు ఊడిన ముక్కుని చేత్తో రాసుకుంది. ఎన్ని ఊళ్లు మారినా మనుషులింతే, ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ మడత కుర్చీ వేస్తారు. ఏడాది పొడుగునా ఈ గడ్డి మీద నిలబడటానికా ఇంత దూరం వచ్చింది? ఆవిడ వంగి బూట్ల తాళ్లు బిగించింది. చీర కాదు, వదిన కుట్టించిన కొత్త లాగూ వేసుకుంది ఆ రోజు. లేచి ఎర్రమట్టి బాట మీదికి వెళ్లి పరుగందుకుంది.

నీడ ఆవిడతోపాటు కదిలింది. గడ్డి మీద కూర్చున్నవాళ్ల మీద ఒక్కసారిగా ఎండ పడింది. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ముందు ఒక అమ్మాయి లేచి, పరిగెత్తి వెళ్లి ఆ నీడని అందుకుంది. తర్వాత మిగతావాళ్లు. డ్రిల్లమ్మ ముందు ఎండలో, వెనక నీడలో బ్యాచి అంతా రొప్పుతూ. ఎవరు అడుగు తగ్గించినా వాళ్ల మీద ఎండ పడేది, మళ్లీ వేగం పెంచేవాళ్లు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. చాలా ఏళ్ల తర్వాత పరిగెత్తడంతో మొదట కాళ్లు బరువుగా పడ్డాయి, మలుపు దాటాక ఊపందుకున్నాయి. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి మొహానికి కొట్టింది.

ఎండలో ఒంటరిగా మిగిలిన పెద్ద కోచ్ కుర్చీ మడిచి పట్టుకుని కాసేపు ఆలోచించాడు. వాళ్లు మైదానం చుట్టి తన పక్కనుంచి వెళ్లేదాకా చూశాడు. తర్వాత కుర్చీని అక్కడే గడ్డి మీద పడేసి, లాగూ నాడా బిగించుకుని, వాళ్ల వెనక పరిగెత్తాడు.